చెయ్యి వదలకే పిల్లా!

కబడ్డీ ఆడాలంటే జట్టుకి ఏడుగురు చాలు. రూల్సు పుస్తకంలో అలాగే ఉంటుంది. కానీ పల్లెల నడుమ ఉన్న ఓ చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో అమ్మాయిల జట్టు కట్టి చూడండి... ఏడుగురితో పనవదు. ఆ ఏడుగురి నాన్నలు ఒప్పుకోవాలి. నాన్నలు ఒప్పుకుంటే అన్నలు అడ్డం పడకుండా ఉండాలి. వార్డెన్ సంతకం పెట్టాలి. పీడీ సారుతో పాటు తోడుగా ఓ మేడమ్ రావాలి. వీళ్లందరికంటే ముఖ్యంగా, సాయంత్రం చివరి బస్సు కాస్త ఆలస్యంగా రావాలి!

నవ్వుకోకండి. ఆ చివరి మాటలోనే అసలు సంగతంతా ఉంది.

నకిరేకల్‌నే తీసుకుందాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లకి అది బస్సు కిటికీలోంచి కనిపించి మాయమయ్యే పేరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి మాత్రం అదే పట్నం. నిమ్మకాయలు అమ్ముకోవాలన్నా, బట్టలు కొనుక్కోవాలన్నా, ఆడపిల్లని ఇంటర్ తర్వాత చదివించాలన్నా అక్కడికే రావాలి. కేతేపల్లి వైపు నుంచి, శాలిగౌరారం వైపు నుంచి, కట్టంగూర్ వైపు నుంచి పొద్దున్నే బస్సుల్లో అమ్మాయిలు దిగుతారు. సాయంత్రం మళ్లీ అవే బస్సులు ఎక్కుతారు. ఆటలు మొదలయ్యేది ఎప్పుడు? క్లాసులు అయ్యాక. బస్సు వచ్చేది ఎప్పుడు? అదీ క్లాసులు అయ్యాకే! లాంగ్ జంప్‌లో ఎంత దూరం దూకే పిల్లయినా, బస్సు హారన్ వినగానే బ్యాగు పట్టుకుని ఆ వైపు దూకాల్సిందే. ఇలాంటి చోట్ల జట్టుని ఎంపిక చేసేది పీడీ సారని అందరూ అనుకుంటారు. కాదు, ఆర్టీసీ టైమ్‌టేబుల్!

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. చార్జీ డబ్బుల కోసం చదువు మానేసే పరిస్థితి కొంతైనా తప్పింది. అయితే డబ్బులు అడగని బస్సు కూడా ప్రాక్టీసు అయ్యేదాకా ఆగదు కదా! చీకటి పడ్డాక ఊరి స్టేజీ దగ్గర దిగి, అక్కడి నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు నడవాల్సిన పిల్లని ఏ తల్లి పంపుతుంది చెప్పండి?

అందుకే మిగిలేది హాస్టల్ పిల్లలు. పల్లె కాలేజీల్లో అమ్మాయిల ఆట చాలావరకు హాస్టల్ ఆటే. ఆ స్నేహమూ హాస్టల్ స్నేహమే.

నల్గొండ జిల్లాకి హాస్టల్ చదువు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పేరు మోగిన ఆరుట్ల కమలాదేవి పెళ్లయ్యాకే హైదరాబాద్ వెళ్లి హాస్టల్‌లో ఉండి చదువుకున్నారు. ఆమే 1952లో ఆలేరు నుంచి శాసనసభకి ఎన్నికయ్యారు. 1971లో దేశానికి దారి చూపిన గురుకుల పాఠశాల పుట్టింది అప్పటి నల్గొండ జిల్లాలోని సర్వేల్‌లోనే. కాకపోతే అది మగపిల్లల బడి. అమ్మాయిలకి డిగ్రీ చదువు, హాస్టల్ ఒకే గేటు లోపల దొరికే గురుకుల కాలేజీలు కావాలంటే 2016 దాకా ఆగాల్సి వచ్చింది. ఆడపిల్లల విషయంలో మనకి తొందరెప్పుడూ లేదు లెండి.

హాస్టల్‌లో చేరిన మొదటి వారం ఎలా ఉంటుందో అక్కడ చదివినవాళ్లని అడగండి. ట్రంకు పెట్టె, దానికో తాళం, తాళంచెవి మెళ్లో. రాత్రి లైట్లు ఆర్పాక దుప్పట్లో ఏడుపు. ఎవరి పెట్టెలో మామిడికాయ తొక్కు ఉందో, ఎవరింటి నుంచి సకినాలు వచ్చాయో మూడో రోజుకల్లా అందరికీ తెలిసిపోతుంది. నాలుగో రోజుకి ఆ పెట్టెకి తాళం ఉండదు. తెల్లారుజామున నల్లా దగ్గర బకెట్ల వరస. అందులో మీ బకెట్‌ని ఎవరో ముందుకి జరిపి పెట్టారంటే మీకు స్నేహితురాలు దొరికినట్టే. ఆదివారం చికెన్ కూరలో మంచి ముక్క పడిందా లేదా అన్నది పెద్ద పంచాయితీ. 'ఏందే, ఇంకా లేవలే?' అని దుప్పటి లాగే సీనియర్ అక్క మొదట విలన్‌లా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి జ్వరం వస్తే ఆమే తల మీద తడిగుడ్డ వేస్తుంది.

ఈ అక్క చెబితేనే చాలామంది గ్రౌండ్‌కి వెళ్తారు. ఆట మీద ఇష్టంతో కాదు, అక్క పిలిచిందని! జట్టులో ఒకరు తక్కువ పడ్డారు కాబట్టి రమ్మంటుంది. అలా 'నిలబడితే చాలు' అని తీసుకెళ్లిన పిల్ల రెండేళ్లకి జట్టు కెప్టెన్ అవడం ప్రతి కాలేజీలో ఉండే కథే.

ఇక కబడ్డీ అనే ఆట సంగతి. దీన్ని మనం బలం ఆట అనుకుంటాం. కాస్త దగ్గర్నించి చూస్తే అది చేతుల ఆట. అవతలి నుంచి కూత పెట్టుకుంటూ ఒకమ్మాయి వస్తుంది. ఇవతల ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని గొలుసు కడతారు. ఆ చెయ్యి వదిలితే గొలుసు తెగుతుంది, పాయింటు పోతుంది. అందుకే గ్రౌండ్ బయట నిలబడ్డవాళ్లు అరిచే మొదటి మాట 'పట్టు' కాదు, 'చెయ్యి వదలకే!' అని.

ఒక్కసారి ఆలోచించండి. మన ఊళ్లలో ఎవరింట్లో ఎవరు నీళ్లు తాగాలో, ఎవరు ఏ బావి దగ్గరికి వెళ్లాలో లెక్కలు నడిచిన రోజులు మరీ పాతవేం కాదు. కొన్నిచోట్ల అవి పూర్తిగా పోయాయని చెప్పడానికీ లేదు. ఆ ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు ఇక్కడ చెమట పట్టిన చేతులు గట్టిగా పట్టుకుని నిలబడతారు. కింద పడితే ఒకరి మీద ఒకరు పడతారు. ఒకరి మోకాలి మీద మట్టి ఇంకొకరు దులుపుతారు. ఒకే జత బూట్లు ఒకరు పొద్దున పరుగుకి, ఇంకొకరు మధ్యాహ్నం లాంగ్ జంప్‌కి వేసుకుంటారు. దీని గురించి అక్కడ ఎవరూ ఉపన్యాసం చెప్పరు. చెప్పి ఉంటే బహుశా అది జరిగేదీ కాదు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చే రూల్ ఇంకొకటి ఉంది. ఔటైన అమ్మాయి ఆట నుంచి పోదు. గీత బయట కూర్చుంటుంది. తన జట్టు అవతలివాళ్లని ఔట్ చేసిన ప్రతిసారీ బయట కూర్చున్నవాళ్లలో ఒకరు లోపలికి వస్తారు. అదీ ఎవరు పడితే వాళ్లు కాదు. ముందు ఎవరు ఔటయ్యారో వాళ్లే ముందు రావాలి. ఎంత గొప్ప రైడరైనా సరే, బయటికొచ్చాక తన చేతిలో ఏమీ ఉండదు. లోపలున్నవాళ్లు తనని బతికించుకోవాలి. క్రికెట్‌లో ఔటయితే ప్యాడ్లు విప్పేసుకోవడమే కదా. ఇక్కడలా కాదు!

ఖోఖోది మరో తరహా. పాత పద్ధతి ఆటలో ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు, ఒకరు ఇటు, పక్కవాళ్లు అటు ముఖం పెట్టి. వెనక ఏం జరుగుతోందో కనిపించదు. వీపు మీద చెయ్యి పడి 'ఖో' అని వినబడితే లేచి పరిగెత్తాలి. ఎవరు తట్టారు, ఎందుకు తట్టారు అని వెనక్కి తిరిగి చూసే టైముండదు. నమ్మాలంతే. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచ కప్ జరిగితే మన అమ్మాయిలు ఫైనల్లో నేపాల్‌ని 78-40తో ఓడించారు. ఆ రోజు టీవీలో చూసి 'ఇది మేం బడిలో ఆడిన ఆటే కదా' అనుకున్న గృహిణులు మన ఇళ్లలో ఎంతమందో!

హాస్టల్ నుంచి గ్రౌండ్‌కి, గ్రౌండ్ నుంచి ఎక్కడికో వెళ్లినవాళ్లూ ఉన్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకి 14 ఏళ్లు కూడా నిండలేదు. గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల కొండ ఎక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. కొండ ఎక్కేటప్పుడు పైనున్నవాళ్ల ప్రాణం కింద తాడు పట్టుకున్నవాళ్ల చేతుల్లో ఉంటుందని వేరే చెప్పాలా? అలాగే అగసర నందిని. తండ్రి టీ అమ్మేవారు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 2023 అక్టోబరు 1న, హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. రెండు రోజుల్లో ఏడు పోటీలు. ఒకటయ్యాక ఒకటి. పొద్దున్నే దుప్పటి లాగేవాళ్లు లేకపోతే ఇలాంటివి అయ్యే పనులేనా?

సరే, పతకాలు తెచ్చినవాళ్ల సంగతి పేపర్లు రాస్తాయి. తేనివాళ్ల మాటేమిటి? ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్ కోసం నల్గొండో మిర్యాలగూడో వెళ్లి, బడి గదిలో బెంచీలు ఓ పక్కకి జరిపి, నేల మీద దుప్పట్లు పరుచుకుని పడుకుని, మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి, తిరుగు బస్సులో పాటలు పాడుకుంటూ వచ్చినవాళ్లు? ఇంటి దాటి ఒక రాత్రి గడపడం వాళ్లలో చాలామందికి అదే మొదటిసారి. అప్పట్లో నల్గొండ జిల్లా కాలేజీలన్నీ ఉస్మానియా కిందే ఉండేవి. యూనివర్సిటీ జట్టులో చోటంటే హైదరాబాద్ కాలేజీలతో పోటీపడాలి. 2007లో నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మరుసటి ఏడాది మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. దాంతో ఇక్కడి అమ్మాయిలకి 'యూనివర్సిటీ ప్లేయర్' అనే మాట కాస్త చేతికందే దూరానికి వచ్చింది. ఆ ట్రాక్ సూట్ వేసుకుని ఊళ్లో బస్సు దిగితే, చిన్నప్పటి నుంచీ 'ఫలానావాళ్ల బిడ్డ' అని పిలిచినవాళ్లు కూడా ముందు వీపు మీద అక్షరాలు చదువుతారు.

ఈ హాస్టల్ అక్కాచెల్లెళ్ల బంధానికి మన దగ్గర ప్రత్యేకంగా పేరేమీ లేదు. అమెరికాలో ఉంది. కాలేజీ అమ్మాయిలు కలిసి ఉండే సంఘాలని అక్కడ 'సొరోరిటీ' అంటారు. లాటిన్‌లో 'సొరోర్' అంటే అక్కో చెల్లెలో. నూటయాభై ఏళ్లకి పైబడిన సంప్రదాయం. గ్రీకు అక్షరాల పేర్లు, సొంత భవనాలు, సభ్యత్వ రుసుములు, ప్రమాణాలు... చాలా తతంగం ఉంటుంది. అందులో చేరడం మన చేతిలో ఉండదు. వాళ్లు చూసి, మాట్లాడి, నచ్చితే తీసుకుంటారు. నచ్చకపోతే లేదు. ఒకప్పుడు నల్లజాతి అమ్మాయిలకి ఆ తలుపులు తెరుచుకోలేదు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో వాళ్లు తమ కోసం ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. అమెరికా ఉపాధ్యక్షురాలిగా చేసిన కమలా హారిస్ ఆ సంఘం సభ్యురాలే. 1998లో టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో మన దక్షిణాసియా అమ్మాయిలు కప్పా ఫై గామా పేరుతో తమదంటూ ఒకటి మొదలుపెట్టారు. టెక్సస్ నిండా మన తెలుగువాళ్లే కదా! అక్కడి పిల్ల ఫోన్ చేసి 'బిగ్ సిస్టర్' అందంటే నల్గొండలో అమ్మమ్మ తికమకపడక్కర్లేదు. మన సీనియర్ అక్కే ఆమె.

ఆటల విషయంలోనూ అక్కడ ఒక చట్టం పెద్ద మార్పు తెచ్చింది. చదువుల్లో ఆడ, మగ తేడా చూపే సంస్థకి ప్రభుత్వ సొమ్ము ఇవ్వకూడదని 1972లో 'టైటిల్ నైన్' తెచ్చారు. దానికి ముందు అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల లోపు. ఇప్పుడు 30 లక్షల పైనే. అంటే అమ్మాయిలకి ఆటల మీద ఇష్టం లేదని అంతకుముందు అన్నవాళ్ల మాట అబద్ధమన్నమాట.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఎంచుకుని కలుపుకునే స్నేహం కంటే మన హాస్టల్ పద్ధతే నాకు మేలనిపిస్తుంది. మన దగ్గర ఎవరి గదిలో ఎవరుండాలో వార్డెన్ లిస్టు చెబుతుంది. నచ్చినా నచ్చకపోయినా సర్దుకోవాలి. ఆ సర్దుబాటులోంచే ఏదో పుడుతుంది. అలాగని అంతా బంగారమని కాదు. సీనియర్ల పెత్తనం హద్దు దాటి పిల్లల ప్రాణాల మీదికి వచ్చింది కాబట్టే 1997లో మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కొన్ని హాస్టళ్లలో నీళ్లు, మరుగుదొడ్ల తిప్పలు చెప్పుకుంటే ఈ పేజీ చాలదు.

కానీ ఒక్క విషయంలో వాళ్లు మనకంటే ముందున్నారు. సొరోరిటీలో చేరిన అమ్మాయి చదువైపోయాక కూడా అందులోనే ఉంటుంది. ఏ ఊరు వెళ్లినా అక్కడ పాత సభ్యుల శాఖ ఒకటి ఉంటుంది. యాభై ఏళ్లొచ్చినా నెలకోసారి కలుస్తారు. మరి మన కబడ్డీ జట్టు?

ఫైనలియర్ పరీక్షలు అయిన రోజు ట్రంకు పెట్టెలు ఆటోలో పెడతారు. ఏడుస్తారు. 'పెళ్లికి పిలవాలే' అని ఒట్లు వేయించుకుంటారు. మొదటి పెళ్లికి జట్టు మొత్తం వెళ్తుంది. రెండో పెళ్లికి నలుగురు. ఐదో పెళ్లికి ఎవరూ వెళ్లలేరు... ఎవరి చంకలో పిల్ల వాళ్లకి. తర్వాత వెతుకుదామన్నా దొరకరు. ఇంటిపేరు మారిపోతుంది. ఫేస్‌బుక్‌లో పాత పేరు కొడితే ఎవరో వస్తారు. ఫోన్ నంబరు మారుతుంది. వాట్సాప్‌లో ఫొటో ఉండేది పిల్లలదో దేవుడిదో. అది నీ లెఫ్ట్ కార్నర్ అని గుర్తుపట్టేదెలా?

మగపిల్లల సంగతి చూడండి. సంక్రాంతికి ఊళ్లో టోర్నమెంటు పెడతారు. యువజన సంఘం, చందాలు, మైకు, కప్పు. నలభై దాటినవాళ్లు కూడా పొట్ట లోపలికి పీల్చి ఒక కూతకి వెళ్లొస్తారు. చప్పట్లు కొడతారు. వాళ్ల జట్టు ఊళ్లోనే ఉంది కాబట్టి చెదరలేదు. అమ్మాయిల జట్టు హాస్టల్‌లో కట్టింది. హాస్టల్ ఖాళీ చేస్తే జట్టు ఖాళీ.

ఆదివారాలు జిల్లా పేజీల్లో 'పాతికేళ్ల తర్వాత కలుసుకున్న పూర్వ విద్యార్థులు' అని ఫొటోలు వస్తుంటాయి. ఓసారి లెక్కపెట్టండి. ముందు వరసలో గురువులు శాలువాలతో. వెనక మూడు వరసల మగవాళ్లు. ఓ పక్కన పట్టుచీరల్లో ఐదారుగురు ఆడవాళ్లు. క్లాసులో సగం మంది అమ్మాయిలే అయినా సరే! మిగతావాళ్లు రాలేదు అనుకుంటాం. చాలామందికి కబురే అందదు.

ఆడవాళ్ల జట్టు పెళ్లి తర్వాత కూడా నిలబడ్డ చోట్లు లేకపోలేదు. 2012లో పట్నాలో తొలి మహిళా కబడ్డీ ప్రపంచ కప్ గెలిచిన జట్టు కెప్టెన్ మమతా పూజారిది కర్ణాటక. ఆమెకి ఉద్యోగం ఇచ్చింది మాత్రం సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న మన దక్షిణ మధ్య రైల్వే. జీతం, జట్టు, ప్రాక్టీసు అన్నీ ఒకచోట ఉంటే ఆట నిలుస్తుంది. పోలీసు ఉద్యోగాలూ అంతే. కానిస్టేబుల్ పరీక్షకి అమ్మాయిలు 800 మీటర్లు పరిగెత్తాలి, లాంగ్ జంప్ దూకాలి, షాట్‌పుట్ వేయాలి. నోటిఫికేషన్ పడిందంటే చాలు, తెల్లారుజామున కాలేజీ గ్రౌండ్లలో కొత్త ముఖాలు కనిపిస్తాయి. అందులో పెళ్లయినవాళ్లుంటారు. చంటిపిల్లని తల్లికి అప్పజెప్పి వచ్చినవాళ్లుంటారు. డిగ్రీలో కలిసి ఆడిన స్నేహితురాలే ఫోన్ చేసి 'పోదాం పా' అని లాక్కొచ్చి ఉంటుంది. కానీ ఈ ఉద్యోగాలు ఎంతమందికి వస్తాయి?

రానివాళ్ల గురించే నా బెంగ. వాళ్లు ఏడాదిలో ఒక్కసారి మాత్రం తప్పకుండా పుట్టింటికి వస్తారు. బతుకమ్మకి. తొమ్మిది రోజులూ కుదరకపోయినా సద్దుల బతుకమ్మ నాటికి ఊరి ఆడబిడ్డలంతా దిగుతారు. చేతులు కలిపి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతారు. ఆ వలయంలో చూడండి, అలసిపోకుండా తిరిగేవాళ్లు కొందరుంటారు. అడుగు వేసే తీరులోనే తెలిసిపోతుంది. ఒకప్పుడు ఖోఖోలో పోల్ తిరిగిన కాళ్లవి.

దసరా సెలవులు కాబట్టి ఊరి బడి గ్రౌండ్ ఆ వారమంతా ఖాళీయే. అల్లుళ్లు ఎలాగూ అత్తగారింట్లో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటారు, పిల్లల్ని ఓ గంట చూసుకోగలరు. ఆడవాళ్ల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మగవాళ్లదాని కంటే చిన్నదే. గీతలకి సున్నం కూడా వెతకక్కర్లేదు. పండగ రోజుల్లో ముగ్గుపిండి లేని ఇల్లుండదు కదా.